“5 నిమిషాల్లో ఛార్జింగ్, 10 వేల సైకిళ్లు”: ఇలాంటి బ్యాటరీ వార్తల్ని తూచేదెలా?

గోదారి_వోల్ట్ (ప్రశ్న)

రెండు రోజులుగా గ్రూపుల్లో ఒక ప్రెస్ నోట్ తిరుగుతోంది. స్కూటర్ బ్యాటరీ, 10 నుంచి 80 శాతం 5 నిమిషాల్లో, ఆయుష్షు 10,000 సైకిళ్లు (ఒకసారి ఛార్జ్ చేసి వాడేస్తే ఒక సైకిల్). కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నా గొడవ కింద వచ్చే కామెంట్లతో. ఒక జట్టు “పెట్రోల్ బంకులు ఇక కల్యాణ మండపాలే” అంటోంది. ఇంకో జట్టు “పదేళ్లుగా వింటున్నాం, పనిచూసుకోండి” అంటోంది. రెండు జట్లలో ఒక్కరూ రెండో పేజీ తిప్పినట్టు లేదు. పైగా ఇవే అంకెలు జపాన్ కంపెనీ చెబితే తలూపేవాళ్లు, మన స్టార్టప్ చెప్పేసరికి నవ్వుతున్నారు. దేశాభిమానం పొంగేవాళ్లది సరిగ్గా దీనికి తలకిందులు.

అడిగేది ఇదీ. ల్యాబ్ లేని మామూలు మనిషి కాగితం, కలం పెట్టుకుని ఇలాంటి వార్తని ఎంతవరకు తూచగలడు? ఏ అంకె కోసం వెతకాలి? డెమో వీడియోలో ఏం చూడాలి? ఏ స్కూటర్ కొనాలనే సలహా మాత్రం వద్దు.

సెల్‌టెస్టర్_77

ముందు “ఫిజిక్స్ ఒప్పుకోదు” అనేవాళ్ల సంగతి చూద్దాం. ఒప్పుకుంటుంది. తోషిబా ఎస్‌సీఐబీ అనే సెల్‌ని 2007 చివర్లోనే ప్రకటించింది. దాంట్లో నెగటివ్ వైపు గ్రాఫైట్ బదులు లిథియం టైటనేట్ ఉంటుంది. ఐదారు నిమిషాల్లో 80 శాతం ఎక్కుతుంది, ఈ రకం సెల్స్ పది వేల సైకిళ్లు దాటి కూడా పనిచేస్తాయి. 2012 నుంచి జపాన్‌లో సుజుకీ వ్యాగన్ ఆర్‌లో చిన్న సహాయక బ్యాటరీగా వాడారు. అంటే మీ నోట్‌లో ఉన్న రెండు అంకెలూ ఎప్పుడో సాధించినవే.

మరి ఊళ్లో స్కూటర్లన్నీ టైటనేట్‌తో ఎందుకు రావట్లేదు? సెల్ వోల్టేజీ 2.3 దగ్గర ఆగిపోతుంది, గ్రాఫైట్ వాడే ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్) సెల్‌కి 3.6. కిలో బరువుకి టైటనేట్ ఇచ్చేది సుమారు 80–90 వాట్-అవర్లు, మంచి ఎన్ఎంసీ సెల్ 250 ఇస్తుంది. 3 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కపెట్టే యూనిట్లే, కిలోవాట్-అవర్లు) స్కూటర్ ప్యాక్‌కి ఎన్ఎంసీ సెల్స్ 12 కిలోలు చాలు. టైటనేట్‌తో సెల్స్ బరువే 35 కిలోలు. ధర కూడా యూనిట్‌కి బాగా ఎక్కువ.

కాబట్టి మీరు వెతకాల్సింది నోట్‌లో రాయని అంకె కోసం. బ్యాటరీలో బరువుకి తగ్గ శక్తి, ఛార్జింగ్ వేగం, ఆయుష్షు, భద్రత, ధర ఈ ఐదూ ఒకదాన్నొకటి కిందికి లాగుతుంటాయి. మీ నోట్‌లో రెండే ఉన్నాయి. మొదట అడగాల్సింది కిలోకి ఎన్ని వాట్-అవర్లు అని. అది కూడా సెల్‌కా, ప్యాక్‌కా? డబ్బా, వైరింగ్, బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టి చూసే సర్క్యూట్), చల్లబరిచే ఏర్పాటు కలిపితే అంకె నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గిపోతుంది.

ఇక ఛార్జింగ్ లెక్క. 3 యూనిట్లలో 70 శాతం అంటే 2.1 యూనిట్లు. 5 నిమిషాలంటే గంటలో పన్నెండో వంతు. 2.1 ఇంటూ 12, సుమారు 25 కిలోవాట్లు. ఇంట్లో ఏసీకి పెట్టే పెద్ద సాకెట్ 230 వోల్టులు, 16 ఆంపియర్లు, అంటే 3.7 కిలోవాట్లు దాటదు. కాబట్టి ఈ 5 నిమిషాల ముచ్చట ఇంట్లో కుదరదు, దానికోసం పెట్టిన స్టేషన్లోనే. ఇంట్లో అదే ఛార్జింగ్‌కి ఎంత లేదన్నా 35 నిమిషాలు. నోట్‌లో “ఇంటి దగ్గరే 5 నిమిషాల్లో” అని ఉంటే మాత్రం ఇక చదవక్కర్లేదు.

తర్వాత వేడి. 25 కిలోవాట్లు లోపలికి పోస్తున్నప్పుడు 8 శాతం వేడిగా పోయిందనుకోండి. 2 కిలోవాట్లు, అంటే సీటు కింద రెండు ఇస్త్రీపెట్టెలు. 5 నిమిషాలకి 600 కిలోజౌళ్లు. ప్యాక్ బరువు 20 కిలోలు, కిలోకి డిగ్రీ పెరగడానికి సుమారు 1 కిలోజౌల్ అనుకుంటే 30 డిగ్రీలు పెరుగుతుంది. ల్యాబ్‌లో 25 నుంచి 55కి వెళ్తుంది, సరే. మే నెలలో రామగుండంలో ఎండలో నిలబెట్టిన బండి 44 దగ్గర మొదలుపెడితే 74కి పోవాలి. మామూలుగా బీఎంఎస్ 55–60 దగ్గరే ఛార్జింగ్ తగ్గించేస్తుంది లేదా ఆపేస్తుంది. అందుకని రెండో ప్రశ్న: 5 నిమిషాలు ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ కూలింగ్‌తో, వరసగా ఎన్నిసార్లు?

సైకిళ్లకి క్యాలెండర్ లెక్క ఒకటుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. 5 నిమిషాల ఛార్జింగ్, గంట డిశ్చార్జ్, మొత్తం 65 నిమిషాలు. 10,000 సైకిళ్లకి 6,50,000 నిమిషాలు, అంటే 451 రోజులు మెషిన్ ఆగకుండా నడవాలి. గంట ఛార్జ్, గంట డిశ్చార్జ్ పద్ధతైతే 833 రోజులు. డిజైన్ ఖరారై ఆరు నెలలే అయిందని కంపెనీయే చెబుతుంటే, ఆ 10,000 కొలిచింది కాదు, 1,500 దగ్గర ఆపి గీత పొడిగించింది. పొడిగించడం తప్పేం కాదు, అందరూ చేస్తారు. కానీ లిథియం సెల్‌కి మోకాలు అనే జబ్బుంది. కెపాసిటీ నెమ్మదిగా తగ్గుతూ తగ్గుతూ ఒకచోట గభాల్న పడిపోతుంది. తిన్నగా గీసిన గీతలో ఆ మోకాలు కనపడదు.

వద్దుర_బాబు

ఇంత లెక్క ఎందుకు బ్రో. నూటికి తొంభై అయిదు వార్తలు గాలికే పోతాయి. అన్నిటికీ ‘ఉత్తదే’ అంటే తొంభై అయిదు సార్లు మనమే కరెక్ట్. టైమ్ మిగులుద్ది.

లెక్కలమాస్టారు

బాబూ, వేసవిలో రోజూ పొద్దున్నే “ఇవాళ వాన పడదు” అని చెప్పేవాడు కూడా నూటికి తొంభై అయిదు సార్లు కరెక్టే. ఆయన్ని వాతావరణ శాఖలో పెట్టుకోరు. వాన పడే ఆ ఐదు రోజుల గురించి ఆయనకి తెలిసింది సున్నా. మీ పద్ధతీ అంతే. ఏ నోట్ ఇచ్చినా ఒకే జవాబు వస్తుంటే ఆ జవాబుకి నోట్ చదవాల్సిన పనే లేదు. అన్నిటినీ నమ్మేవాడు చేసేదీ ఇదే, జవాబు మాత్రం తిరగబడింది.

ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ సంగతి చూడండి. 1997లో టెక్సాస్ యూనివర్సిటీలో గుడెనఫ్ బృందం ప్రచురించింది. అప్పటి అభ్యంతరాలు గట్టివే. అందులో కరెంటు దాదాపు పారదు, వోల్టేజీ 3.4, కిలోకి వచ్చే శక్తి తక్కువ. తర్వాత రేణువుల్ని నానో సైజుకి తగ్గించి పైన కార్బన్ పూత పూశారు, మొదటి అభ్యంతరం పోయింది. 2020లో చైనా కంపెనీ బీవైడీ పొడవాటి బ్లేడ్ సెల్స్‌ని నేరుగా ప్యాక్‌లో పేర్చింది. మధ్యలో మాడ్యూల్ డబ్బాల బరువు తప్పడంతో మూడో అభ్యంతరం సగం తగ్గింది. 2021లో టెస్లా తక్కువ రేంజి మోడళ్లన్నిటికీ ఎల్ఎఫ్‌పీ అని ప్రకటించింది. ఇవాళ ఇళ్లలో “లిథియం ఇన్వర్టర్” అని పెట్టేది చాలావరకు ఇదే. ఇందులో “బ్యాటరీ విప్లవం వచ్చేసింది” అని చెప్పదగ్గ రోజంటూ ఒక్కటీ లేదు. 2010లో యూనిట్‌కి వెయ్యి డాలర్లు దాటిన ప్యాక్ ధర బ్లూమ్‌బర్గ్ సర్వే ప్రకారం 2024లో 115 డాలర్లకి దిగింది, అదీ ఏడాదికి కొంచెం కొంచెంగా. వార్తలొచ్చేది కనిపెట్టిన రోజున. బజారులోకి వచ్చేటప్పుడు ఎవరూ రాయరు. అందుకే “పదేళ్లుగా వింటున్నాం, ఒక్కటీ రాలేదు” అని ఫోన్లో టైప్ చేసే మనిషి చేతిలోనే ఆ పదేళ్ల పని ఉంటుంది, ఆయనకి కనపడదు.

మీరు నిజంగా పరీక్షించుకోవాలంటే ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి వార్తకీ తేదీ వేసి, నిజమో కాదో తర్వాత తేలే వాక్యం ఒకటి రాయండి. “2 ఏళ్లలో బయటి ల్యాబ్ కొలత బయటికొస్తుంది: 30 శాతం” అని. “విజయం సాధిస్తుంది” లాంటి మాటలొద్దు, తర్వాత ఎటైనా తిప్పుకోవచ్చు. గడువు తీరాక జరిగితే 1, జరగకపోతే 0 అనుకుని మీ అంకెతో తేడా తీసి వర్గం చేయండి. 30 శాతం అన్నారు, జరగలేదు: 0.3 వర్గం, 0.09. జరిగింది: 0.7 వర్గం, 0.49. ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రతిసారీ 0 శాతం అనేవాడికి తప్పిన ప్రతిసారీ 1 పడుతుంది. ప్రతిసారీ 5 శాతం అని కదలకుండా కూర్చునేవాడి స్కోరు చూడ్డానికి బాగానే ఉంటుంది, నిజమే. కానీ నోట్ చదివి ఒకదానికి 2, ఇంకోదానికి 40 ఇచ్చి వాటి మధ్య తేడా పట్టుకున్నవాడు ఆయన్ని దాటేస్తాడు. ఇరవై వార్తలయ్యేసరికి ఎవరు చదువుతున్నారో, ఎవరు ఊరికే అంటున్నారో తేలుతుంది.

దేశం పక్షపాతానికి మందు ఇంకా తేలిక. నోట్‌లో కంపెనీ, దేశం, వ్యవస్థాపకుడి పేరు, మంత్రిగారి ఫొటో అన్నీ కొట్టేసి అంకెలు మాత్రం మిగిల్చి, ఇంకో ఇద్దరికి పంపి మార్కులు వేయమనండి. పేరుతో చదివి మీరు వేసిన మార్కులకీ వాటికీ ఎంత తేడా వస్తే పేరు మీ మీద అంత పనిచేసినట్టు.

బోలుకడ్డీ

డెమో వీడియోల గురించి అడిగారు కదా. మన పక్కనే జరిగింది గుర్తుచేస్తా. 1996లో తమిళనాడులో రామర్ పిళ్లై మూలికలతో నీళ్లని పెట్రోల్ చేస్తానన్నాడు. పెద్ద పెద్దవాళ్ల ముందు చేసి చూపించాడు, వాళ్ల కళ్ల ముందే మండింది. తర్వాత బయటపడిన కిటుకు, కలిపే కడ్డీ బోలుది. లోపల ఇంధనం, చివర మైనం బిరడా. వేడికి మైనం కరిగితే సరి. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల జైలు వేసింది. ఆ రోజు నీళ్లనీ ఆకునీ పరీక్షించినవాళ్లున్నారు, కడ్డీని ఎవరూ పట్టించుకోలేదు. డెమోలో మనం చూసే వస్తువు మీదే కన్నుంటుంది. చూపించేవాడు వెంట తెచ్చుకున్న సామానుని చూడకుండా వదిలేస్తాం.

అమెరికాలో నికోలా అనే కంపెనీ ఎలక్ట్రిక్ లారీ ఇంకో రకం. 2018 వీడియోలో లారీ దూసుకుపోతుంది. 2020లో తేలింది, దాన్ని గుట్ట మీదికి లాక్కెళ్లి 3 శాతం వాలులో వదిలారు. లారీ టైర్ల రాపిడి బరువులో 1 శాతం లోపే ఉంటుంది కాబట్టి ఆ వాలు చాలు, ఇంజిన్ అక్కర్లేదు. వ్యవస్థాపకుణ్ని 2022లో జ్యూరీ దోషిగా తేల్చింది, 2025లో అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. ఆ వీడియో టైటిల్లో “కదలికలో” అనే ఉంది, “సొంత శక్తితో” అని లేదు. మాటలు అంత జాగ్రత్తగా ఎంచుకున్నారంటే అక్కడే ఆగి చూడాలి.

బ్యాటరీ డెమోకి వస్తే ఇవి చూడండి. డాష్‌బోర్డు మీద 80 శాతం అని వెలగడం కొలత కాదు. అది బీఎంఎస్ సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా, కోడ్‌లో ఏది రాస్తే అది చూపిస్తుంది. లోపలికి వెళ్లిన కరెంటు చూడాలి, ఆ తర్వాత బండి నడిపి బయటికి ఎంత వచ్చిందో చూడాలి. ఛార్జర్ ఏసీ వైపు ఎనర్జీ మీటర్ పెట్టారా? క్లాంప్ మీటర్ చూపిస్తే దవడ ఒక్క తీగ చుట్టూ ఉందో లేదో గమనించండి. రెండు తీగలూ కలిపి పట్టుకుంటే రానూపోనూ కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసి మీటర్ సున్నా దగ్గర ఉంటుంది. బ్యాటరీ వైపు కొలవాలంటే డీసీ కొలిచే క్లాంప్ కావాలి, మామూలు ఏసీ క్లాంప్ డీసీకి స్పందించదు. వీడియో మధ్యలో కట్ ఉంటే గడియారం కూడా ఫ్రేమ్‌లో ఉండాలి. అన్నిటికన్నా సులువైనది ప్యాక్‌ని తక్కెడ మీద పెట్టి చూపించమనడం. పైన చెప్పిన బరువు అంకె అక్కడే బయటపడుతుంది. తక్కెడ చూపించిన బ్యాటరీ డెమోలు నేను చాలా తక్కువ చూశాను.

ఇరుసు_బోల్టు

చిన్న మాట. ప్రకటనలో రేంజి 150 అని వేసి రోడ్డు మీద 95 వస్తే దాన్ని అబద్ధం అంటున్నారు. సర్టిఫికెట్ రేంజి ఐడీసీ (ఇండియన్ డ్రైవింగ్ సైకిల్) పరీక్షది. ఒక్కో రౌండు 108 సెకన్లు, గరిష్ఠ వేగం 42, సగటు 22 కిలోమీటర్లు, రోలర్ మీద, ఒక్క మనిషి బరువుతో. ఆ పరీక్షలో 150 నిజంగానే వస్తుంది. 3 యూనిట్ల ప్యాక్ 150 వెళ్లిందంటే కిలోమీటరుకి 20 వాట్-అవర్లు. హైవే మీద 60లో, వెనక ఇంకో మనిషితో 30–32 అవుతుంది. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది మరి. 3,000ని 31తో భాగించుకోండి. బండి అదే, ప్యాక్ అదే, పరీక్ష వేరు. కంపెనీని తిట్టాలంటే నిజమైన రేంజి పక్కనే ఎందుకు వేయలేదని తిట్టండి.

పలచటి_పూత

నేను పేపర్ల వైపు నుంచి చెబుతా, ప్రెస్ నోట్లు పుట్టేది అక్కడే కాబట్టి.

“10 రెట్లు” అనే హెడ్డింగ్ ఎలా వస్తుందంటే, గ్రాఫైట్ గ్రాముకి 372 మిల్లీఆంపియర్-అవర్లు పట్టుకుంటుంది, సిలికాన్ 3,579. ఈ రెండూ నిజం. ఇప్పుడు 1 ఆంపియర్-అవర్ సెల్‌కి చేతిలెక్క వేయండి. పాజిటివ్ వైపు గ్రాముకి 200 చొప్పున 5 గ్రాములు. నెగటివ్ వైపు గ్రాఫైట్ (వాడకంలో 350) 2.86 గ్రాములు. రేకులు, సెపరేటర్, ఎలక్ట్రోలైట్, డబ్బా కలిపి ఓ 4 గ్రాములనుకుందాం. మొత్తం 11.86. గ్రాఫైట్ తీసి సిలికాన్ పెడితే ఆ 2.86 కాస్తా 0.28 అవుతుంది, మొత్తం 9.28. అంటే బరువుకి శక్తి 28 శాతం పెరిగింది. సిలికాన్‌తో సగటు వోల్టేజీ 3.7 నుంచి 3.4కి తగ్గితే చివరికి మిగిలేది 17 శాతం. పది రెట్లు కాస్తా 17 శాతమైంది. ఇది చూసి వెక్కిరించేవాళ్లకి ఒక మాట: ఈ రంగంలో ఒక్క మార్పుతో 17 శాతం అంటే పండగే. ఇబ్బంది వేరేచోట ఉంది. సిలికాన్ ఛార్జ్ అయ్యేటప్పుడు అసలు పరిమాణానికి మూడింతలు అదనంగా ఉబ్బుతుంది, రేణువులు పగిలిపోతాయి. అందుకే బజారులో ఉన్న సెల్స్‌లో చాలావరకు గ్రాఫైట్‌లో కాస్త సిలికాన్ కలిపి సరిపెడతారు.

రెండోది హాఫ్-సెల్ కిటుకు. ల్యాబ్‌లో వాడే బొత్తాం సైజు కాయిన్ సెల్‌లో ఒకవైపు కొత్త పదార్థం, ఎదురుగా మందమైన లిథియం రేకు. సైకిల్‌కి కొంత లిథియం చచ్చిపోయినా ఆ రేకు భర్తీ చేస్తుంటుంది, గ్రాఫ్ కిందికి దిగకుండా అడ్డంగా పడుకుని ఉంటుంది. నిజం ప్యాక్‌లో అదనపు లిథియం ఉండదు. అక్కడ సైకిల్‌కి 99.9 శాతం తిరిగొస్తే 1,000 సైకిళ్లకి మిగిలేది 37 శాతం. 80 దాటి మిగలాలంటే 99.98 కావాలి. పేపర్లో “99 శాతానికి పైగా” అని రాస్తే అది వంద సైకిళ్లకే మూడో వంతుకి దిగే సెల్ కూడా కావచ్చు. దశాంశం తర్వాతి అంకెలు అడగండి. ఇంకా, రేకు మీద ఆ పదార్థం పూత ఎంత మందం? అమ్మే సెల్‌లో చదరపు సెంటీమీటరుకి 3 నుంచి 5 మిల్లీఆంపియర్-అవర్లు ఉంటాయి. 0.5 పూతతో దాదాపు ఏ పదార్థమైనా ఐదు నిమిషాల్లో ఛార్జ్ అవుతుంది, అయాన్ నడవాల్సిన దూరమే లేదు కదా.

నమ్మకం, అనుమానం గురించి అడిగారు కాబట్టి బ్యాటరీ కాని కేసు ఒకటి. 2023 జులైలో కొరియా నుంచి ఎల్‌కే-99 వచ్చింది, మామూలు గది వేడిలో సూపర్ కండక్టర్ (కరెంటుకి నిరోధమే లేని పదార్థం) అని. సీసం, రాగి, ఫాస్ఫరస్, గంధకం, 925 డిగ్రీల కొలిమి, అంతే, వంట పద్ధతి పూర్తిగా ఇచ్చారు. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీతో సహా చాలాచోట్ల వండి చూశారు, సూపర్ కండక్టివిటీ కనపడలేదు. ఆగస్టు మధ్యకల్లా కారణమూ దొరికింది. వంటలో మలినంగా మిగిలే కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల దగ్గర రూపం మారుతుంది, అప్పుడు నిరోధం గబుక్కున మారుతుంది. పేపర్లో సూపర్ కండక్టివిటీ అనుకున్న పతనం సరిగ్గా అక్కడిదే. మొదటి రోజే “ఫేక్” అన్నవాళ్లు ఈ కారణం చెప్పలేదు, చెప్పినవాళ్లు కొలిమి దగ్గర రెండు మూడు వారాలు కూర్చున్నారు.

2018లో బెంగళూరు ఐఐఎస్సీ నుంచి బంగారం, వెండి నానో రేణువులతో మైనస్ 37 డిగ్రీల దగ్గర అలాంటిదే ఒక పేపర్ వచ్చింది. అమెరికాలో ఒక పరిశోధకుడు అందులోని గ్రాఫ్‌ని పెద్దది చేసి చూశాడు. రెండు వేర్వేరు కొలతల్లో నాయిస్ (కొలతలో గాలివాటంగా వచ్చే చిన్న ఊగిసలాట) చుక్కలు ఒకే వంకరలో ఉన్నాయి, కిందికీ పైకీ జరిపినట్టు. నాయిస్ అలా రెండుసార్లు రాకూడదు. పరిశోధకులు మరుసటి ఏడాది ఇంకా డేటాతో పేపర్ సవరించి పెట్టారు. అది చూడ్డానికి ల్యాబ్ అక్కర్లేదు, బెంగళూరు పేరు చూసి ముందే పొంగిపోనూ కుంగిపోనూ అక్కర్లేదు, గ్రాఫ్ జూమ్ చేస్తే చాలు.

గోదారి_వోల్ట్

అందరికీ థాంక్స్ అండీ. మీరు చెప్పినవన్నీ పట్టుకుని నోట్ మళ్లీ చదివాను. ఉన్నవి: ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, 80 శాతం కెపాసిటీ దాకా 10,000. చిన్నక్షరాల్లో “2 ఆంపియర్-అవర్ సెల్ మీద కొలిచినది” అని ఉంది. లేనివి: కిలోకి వాట్-అవర్లు, ప్యాక్ బరువు, ధర. ఒక వాక్యంలో “టైటనేట్ ఆధారిత” అని ఉంది, మొదటిసారి చదివినప్పుడు అది ఏదో పెయింటు సంగతి అనుకుని దాటేశాను.

సెల్‌టెస్టర్_77

అయితే అబద్ధం ఏమీ ఆడలేదు వాళ్లు. 2 ఆంపియర్-అవర్ సెల్‌లో 70 శాతం 5 నిమిషాల్లో అంటే 17 ఆంపియర్ల లోపే, ఆ రకం సెల్‌కి మామూలు పని. వేడి కూడా పైన నేను వేసిన 8 శాతం కన్నా తక్కువ రావచ్చు, టైటనేట్ లోపలి నిరోధం తక్కువ. రాసి అడగండి: 3 యూనిట్ల ప్యాక్ బరువెంత, బండి మీద వరసగా రెండు ఛార్జింగ్‌ల టెంపరేచర్ లాగ్ ఇస్తారా అని. ప్యాక్ 45 కిలోలు అని జవాబొస్తే సరుకులు మోసే ఆటోకి పనికొస్తుంది, రోజుకి నాలుగుసార్లు ఛార్జ్ చేసేవాడికి 10,000 సైకిళ్లు ఏడేళ్లకి సరిపోతాయి. 20 కిలోలు అని వస్తే మాత్రం ఆ ఉత్తరం ఇక్కడ పెట్టండి, పలచటి_పూత గారికీ నాకూ పనుంటుంది.